అంతా ఎలక పనే

సుంకప్ప చివరగా చేసిన పని మా కారు బానెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి, "ఎలక పనే" అనడం. మరునాడు పొద్దున నిద్రలోనే పోయాడు. రాయదుర్గంలో ముప్పై ఏళ్లు బండ్లకు కరెంటు పని చేసిన నా స్నేహితుడికి ఏ జబ్బుకైనా ఒకటే కారణం. హారన్ మోగకపోతే ఎలక. ఆగకుండా మోగితే ఇంకో ఎలక.

"మూడేండ్లుగా వాన లేదు. ఎలకలు గూడా బళ్లారికి వలస పోయినాయి కదప్పా," అని నేనంటే, "పోతా పోతా తిక్కతో కొరికి పోయినాయి," అనేవాడు. ఘాటుకు ఎలకలు రావని అతను చెబితే, బానెట్‌లో పొగాకు కాడలు పెట్టని బండి ఊళ్లో లేదు. పెళ్లికూతురు కారెక్కగానే తుమ్మితే అపశకునం అనేవారు కాదు, సుంకప్ప బాగుచేసిన కారు అనేవారు.

"ఈయప్ప నోట్లోనే ఎలక దూరినట్టుండాది, వేరే మాట రాదు," అనేది అతని భార్య మారెక్క.

రెండు వేల ఆరు. శెనక్కాయ ఎండిపోయి, అందరూ ఉలవలు చల్లుకున్న ఏడు. నా జీన్సు ప్యాంట్ల కుట్టు యూనిట్ మాత్రం బాగా నడిచి, కొత్త కారు కొన్నాను. మూడో నెలకే ఏబీఎస్ దీపం వెలిగి, ఆరనంది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు అది. షోరూం వాళ్లు కంప్యూటర్ పెట్టె మార్చాలన్నారు. నాకు డ్రైవర్ బాలప్ప మీద అనుమానం.

"నీ తప్పని తేలితే ఈ పొద్దే ఇంటికి పో," అన్నాను. తల్లీకొడుకులు ఆ జీతం మీదే బతుకుతున్నారని తెలిసే అన్నాను.

సుంకప్ప కారును జాకీ మీద లేపాడు. ఒక్కో చక్రం దగ్గర మీటరు తగిలించి, చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. మూడింటి దగ్గర అంకెలు ఎగిరాయి. వెనక ఎడమ చక్రం దగ్గర సున్నా కదల్లేదు.

"పెట్టె బాగుండాది. ఈ చక్రం ఎంత వేగంగా తిరుగుతాందో దానికి చెప్పే వైరు తెగిండాది," అని కారు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. బాలప్ప వంగి వంగి కారు కిందికి చూస్తున్నాడు.

"ఏమప్పా, ఎవరు తెంపినారు?" అన్నాను.

కింద నుంచి గొంతు వచ్చింది. "ఎలక!"

"చక్రం కాడ ఎలకేంది?"

"కారు పోతాంటే ఎగిరి ఎక్కింటాది. దానికేం తెలుసు, ఆడ ఏబీఎస్ ఉండాదని! దివాకరా, నువ్వు పోయి టీ తాగిరా పో."

నవ్వుకుంటూ పోయాను. తిరిగొచ్చేసరికి దీపం ఆరింది, బాలప్ప ఉద్యోగం నిలిచింది.

మొన్న సుంకప్ప దినాలనాడు బాలప్ప నా పక్కన కూర్చుని నసిగాడు. "అన్నా, ఆ పొద్దు వైరు తెంపింది ఎలక కాదు, నేనే. మాయమ్మ కోసిన ఉలవ చెట్లు రోడ్డు మీద పరిచింటే, గింజ రాలాలని నీ కారుతో పదిమార్లు తొక్కించినా. తీగలు చక్రానికి చుట్టుకోని వైరును పీకినాయి. సుంకప్పన్న వాటిని లాగి నా జేబులో కుక్కినాడు."

కోపం రాలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది డ్రైవర్లు ఎన్ని ఎలకల చాటున బతికారో!

"తిట్టలేదా నిన్ను?"

"తిట్టినాడన్నా. ఇంగోతూరి ట్రాక్టరు అడుక్కోరా అన్నాడు. ఒక పడి కొలిచి ఉలవలు దివాకర్ ఇంటికి పంపు, టైర్ల కూలి, అన్నాడు."

నిజమే, ఆ ఏడు బాలప్ప దగ్గర్నుంచి మా ఇంటికి ఉలవలు వచ్చాయి. గుగ్గిళ్లు చేస్తే నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.