శుక్రవారం బంతి ఎవరికి

ఆర్విల్ టాకెట్ పోయినప్పుడు ఊరి పత్రికలో నాలుగు ముక్కలు రాశారు, మంచివాడని. మంచివాడే, కాదనను. కానీ ఆ రాసిన పెద్దమనిషి ఆయన్ని ఒక్క గురువారం నాడైనా చూశాడా అని నాకు ఒళ్లు మండింది. మా కాలేజీ బేస్‌బాల్ జట్టు బట్టలు ఇరవై ఆరేళ్లు ఉతికి మడతపెట్టినదాన్ని నేను. ఆయన సంగతి కావాలంటే నన్నడగాలి.

మా ఆటలు శుక్ర, శని, ఆదివారాలు వరసగా ఉంటాయి. రోజుకొక కుర్రాడు మొదటి బంతి నుంచి విసరాలి. ఒకసారి విసిరాక ఆ చెయ్యి మళ్లీ వారానికి గానీ పనికిరాదు. ముగ్గురిలో మొనగాడిది శుక్రవారం. పెద్ద జట్ల కోసం కుర్రాళ్లను ఏరుకునే మనుషులు వచ్చి కంచె వెనక కూచునేది ఆ రోజే. ఎవరిది ఏ రోజో తేల్చడం ఆ విసిరే కుర్రాళ్ల కోచ్ టాకెట్ పని. కాగితం మీద రాసుకునేవాడు కాదు. గురువారం మధ్యాహ్నం ముగ్గురి టోపీలూ పట్టుకొచ్చి, నా బల్ల మీద వరసగా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ కూచునేవాడు. ఉతికిన తువ్వాళ్ల మీద ఆ చెమట టోపీలేమిటయ్యా అని ఎన్నిసార్లు కసిరినా చెవిన పెట్టేవాడు కాదు. తేలాక వెళ్లి శుక్రవారం కుర్రాడి బూటులో ఒక కొత్త బంతి పెట్టేవాడు. బూటులో బంతి దొరికినవాడికి ఆ సాయంత్రం కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఒకప్పుడు ఈ టోపీల పని చిటికెలో అయిపోయేది. డ్వేన్ లూపర్ సంగతి జరిగాక అది సాయంత్రం దాకా సాగేది.

డ్వేన్ లాంటి చెయ్యి మా ఊరు మళ్లీ చూడలేదు. ఆ శుక్రవారం వాన పడి ఆట మధ్యలో గంటంపావు ఆగింది. చెయ్యి చల్లబడిందని టాకెట్ వాడిచేత పక్కన మళ్లీ మొదటినుంచీ బంతులు వేయించాడు. ఆయన అరచేతిలో లెక్కపెట్టే మర ఒకటుండేది. ఆటలో వేసిన ప్రతి బంతికీ ఒక నొక్కు నొక్కేవాడు. పక్కన వేయించేవాటికి నొక్కడం అప్పట్లో ఏ కోచ్‌కీ అలవాటు లేదు. మర తొంభై ఎనిమిది చూపించింది. నిజానికి ఆ చెయ్యి అప్పటికే నూట డెబ్భై దాటింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాడి మోచేతిలో నరం తెగిన చప్పుడు పై వరసలో కూచున్న నాకు కూడా వినిపించింది.

అప్పటినుంచి టాకెట్ జేబులో రెండు మరలు. కుర్రాళ్లు సరదాకి కార్ల మధ్య నిలబడి బంతి విసురుకుంటున్నా నొక్కేవాడు. భోజనాల దగ్గర ఎవరైనా పచ్చి క్యారట్ పటుక్కున కొరికితే పళ్లెం వదిలేసి లేచిపోయేవాడు. డ్వేన్ ఊళ్లోనే టైర్ల కొట్టులో కుదిరాడు. ప్రతి సోమవారం టాకెట్ గాలి చూపించుకోవడానికి అక్కడికి వెళ్లేవాడు. టైర్లలో గాలి నిండుగానే ఉండేది. డ్వేన్ ఎడమచేత్తో నాలుగూ చూసి, బాగానే ఉన్నాయి కోచ్ అనేవాడు. కాసేపు ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకునేవాళ్లు. పదకొండేళ్లలో డ్వేన్ ఒక్కనాడూ ఒక్క మాట తూలలేదు.

ఆ పదకొండో ఏడు వసంతంలో మాకు కోర్బిన్ స్ట్రౌడ్ ఉన్నాడు. కలప లారీ నడిపేవాడి కొడుకు, నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం బంగారం. ఆ వారం మూడింట్లో రెండు గెలవకపోతే సీజన్ అక్కడితో సరి. శుక్రవారం కోర్బిన్‌కే ఇవ్వమని, నాన్చుడు చాలని పెద్ద కోచ్ అందరిముందూ టాకెట్‌ని కడిగేశాడు.

గురువారం పొద్దున కోర్బిన్ బట్టల సంచి ఎడమ భుజాన వేసుకొచ్చాడు. సంచి దించిందీ ఎడమచేత్తోనే. వాడు బంతి విసిరేది కుడిచేత్తో.

"మిస్ వెర్నా, ఒక వేడి తువ్వాలు ఇస్తారా? ఊరికే కాస్త పట్టేసిందంతే. కోచ్‌తో అనకండి. రేపు నాకోసం నలుగురొస్తున్నారు."

తువ్వాలు ఇచ్చాను. ఆ వానరోజు పొద్దున అదే గుమ్మంలో డ్వేన్ నిలబడి, అదే తువ్వాలు అడిగి, కోచ్‌తో అననని ఒట్టు వేయించుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత కూడా మూసుకునే ఉన్నాను. టైర్ల కొట్టు ముందునుంచి వెళ్లాల్సి వస్తే వీధి మారేదాన్ని.

మధ్యాహ్నం టాకెట్ టోపీలతో వచ్చాడు. కోర్బిన్ టోపీ ముందు పెట్టాడు.

"వాడి చెయ్యి నొప్పిగా ఉంది ఆర్విల్. పొద్దున తువ్వాలు అడిగాడు" అన్నాను. అక్కడితో ఆగితే పోయేది, ఆగలేకపోయాను. "డ్వేన్ కూడా అడిగాడు, ఆ రోజు పొద్దున. కట్టి పంపించాను, నీకు చెప్పలేదు. ఇన్నేళ్లూ నువ్వొక్కడివే మోస్తున్నావు. అందులో సగం నాది."

అరుస్తాడనుకున్నాను. ఆయన టోపీ అంచు బొటనవేలితో సరిచేశాడు.

"వాడు నాకూ చెప్పాడు వెర్నా. వాన ఆగాక. మోచెయ్యి గుంజుతోంది కోచ్ అన్నాడు. గెలుస్తున్నాం కదరా, లాగెయ్ అన్నాను."

పదకొండేళ్లు ఊరంతా లెక్క తప్పిందనుకున్నాం. ఆయన అనుకోనిచ్చాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన కోర్బిన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎడమచేత్తో విసిరే కుర్రాడి టోపీ ముందుకు జరిపి, బయటికి వెళ్లాడు. గోడకవతలే కుర్రాళ్ల గది. కోర్బిన్ బతిమాలడం వినిపించింది. మా నాన్న సెలవు పెట్టి వస్తున్నాడన్నాడు, నొప్పి లేదని ఒట్టేశాడు, బెంచీని తన్నాడు. నాలుగు బూతులు కూడా కూశాడు.

"నా బతుకు పాడుచేశావు ముసలోడా" అన్నాడు చివరికి.

పదకొండేళ్లలో డ్వేన్ నోట ఒక్కసారీ రాని మాట అది.

"అవునురా నాయనా" అన్నాడు టాకెట్. "మళ్లీ అను."