విసనకర్రతో నడిచిన కంప్యూటర్

ఈ రోజు తల్లాడ దగ్గర ఒక రైతుగారింటికి కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్లాను. ఊరంతటికీ అదొక్కటే కంప్యూటర్. దాన్ని తీసుకెళ్లి ఎండుమిర్చి బస్తాల గదిలో పెట్టారు. మిర్చి దుమ్ము పట్టి ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ బిగుసుకుపోయింది. నాలుగు రోజులుగా డబ్బా మూత తీసి, కూలికొచ్చే ముత్తమ్మ చేత విసనకర్రతో విసిరిస్తున్నారు. ఆమె చేయి ఆగితే కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతుందట.

ఘాటుకు దగ్గుతూ దగ్గుతూ ఆమె ఒక్కసారి విసనకర్రను తన మొహం వైపు తిప్పుకుంది.

"గాలి దానికే ముత్తమ్మా, నీక్కాదు!" అన్నారాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి కొత్త ఫ్యాన్ తీసి గబగబా బిగించి, "ఇక నువ్వు లేవొచ్చమ్మా" అన్నాను, ఏదో పెద్ద ఉపకారం చేసినవాడిలా.

"అయితే రేపట్నుంచి రాకులే," అన్నారాయన ఆమెతో.

ముత్తమ్మ విసనకర్రను గోడకు ఆనించి నా వైపు చూసింది.

"మిరప ఏరుడు అయిపాయె. గిదొక్కటే పని ఉండె. నేన్నీకేం జేసిన సారూ?"

ఆయన ఆమెకు గాలి ఒక్కటే దక్కనివ్వలేదు. కూలి పోగొట్టింది నేను. మీరైతే ఆ ఫ్యాన్ బిగించేవారా?