ఎవరొచ్చారివాళ?

మా మేనత్త పోయిన కబురు నాకు హఫీజ్‌పేట స్టేషన్లో తెలిసింది. కాలేజీ నుంచి సాయంత్రం బండి దిగేసరికి మేం కిరాయికున్న ఇంటామె అక్కడ నిలబడి ఉంది. ఆమె బర్రెల్ని వదిలి స్టేషన్ దాకా రావడం నేనెన్నడూ చూడలేదు.

"మీ అత్త పోయింది బిడ్డా. పగటి బువ్వ తిని జరసేపు ఒరిగింది. ఇగ లేవలే," అని నా చేతుల్లో పుస్తకాలు తీసుకుని ముందు నడిచింది.

వసారాలో చాప మీద అత్తయ్య ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కాసేపు నిలబడి, తిన్నగా గదిలోకి వెళ్ళి రేడియో పెట్టాను.

ఇంట్లో ఈనాటికీ నా మీద నడుస్తున్న నేరం ఇదే. నాన్న పరుగున వచ్చి రేడియో కట్టేశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఊరినుంచి వచ్చిన పిన్ని, "డిగ్రీ చదివితే గుండె ఎండిపోతుందిటే?" అంది. అమ్మ నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. "అది మొదట్నుంచీ రాయే," అంది కళ్ళు తుడుచుకుంటూ. నిజంగా రాయినైతే ఏ బాధా లేదు. మా ఇంటినుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్నవన్నీ రాళ్ళే, వాటిలో ఒకదాన్నై కూర్చునేదాన్ని.

ఆ వేళకి అత్తయ్య రేడియో వింటుంది. వేళయింది, పెట్టాను. అంతకంటే ఏమీ లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పి ఒప్పించలేకపోయాను గనక మీకు చెబుతున్నాను.

అత్తయ్య నాన్నకి అక్క. పిల్లలు లేరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామయ్య పోతే, కొంతకాలం అత్తవారింట్లో ఉండి, తర్వాత మా దగ్గరికి వచ్చేసింది. నాన్నకి పట్నంలో సర్కారు ఆఫీసులో పని. పట్నంలో కిరాయిలు మేం పెట్టుకోలేం. ఇక్కడైతే రైలుంది, ఇల్లు చౌక, చుట్టూ సీతాఫలం పొదలు. కోస్తానుంచి వచ్చిన కొత్తలో అమ్మ ఈ ఊరిని, "మంచినీళ్ళు తప్ప ఏమీ దొరకని ఊరు" అని వెక్కిరించేది. అత్తయ్య మాత్రం ట్రంకుపెట్టె దించుకుని, గోడకి చేరగిలబడి, "ఇక్కడ గాలి బాగుందిరా, రేడియో బాగా పలుకుతుంది," అందిట. నాన్న మరుసటి జీతానికి ట్రాన్సిస్టర్ కొన్నారు. అక్క నోరు తెరిచి అడగకుండానే.

పాటలు పెట్టనిచ్చేది కాదు. సాయంత్రం ఫిడేలో, వీణో, సన్నాయో వచ్చే కాస్సేపు మాత్రమే మా ఇంట్లో రేడియో మోగేది. "పాటలో మాటలు వాళ్ళు పెట్టేశారు. ఇందులో ఖాళీగా ఉంచారు, మనం పెట్టుకోవాలి," అనేది. వింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, చేతులు మాత్రం ఆగక్కర్లేదు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. నాన్న బూట్లు తుడుచుకునేవారు. అయిపోగానే అత్తయ్య రేడియో కట్టేసి అందర్నీ ఒకసారి కలయజూసి అడిగేది:

"ఎవరొచ్చారివాళ?"

ఆ వాద్యం వింటుంటే మన కళ్ళ ముందుకి ఎవరు నడిచి వచ్చారో చెప్పాలి. అదీ మా ఇంటి ఆనవాయితీ. తెలిసినవాళ్ళు కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. నేను చిన్నప్పుడు ఒకసారి, "ఒకమ్మాయి వచ్చింది, చాలా దిగులుగా ఉంది," అన్నాను గొప్పగా. అత్తయ్య ఒప్పుకోలేదు.

"దిగులని నువ్వెలా చెప్తావే? దాని చేతిలో ఏముందో చెప్పు. దిగులో కాదో మేం చూసుకుంటాం."

"చేతిలో... చెప్పు ఉంది. ఒకటే."

"ఆఁ. ఇప్పుడొచ్చింది."

ఇవాళ నేను నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే ఆ ఒంటి చెప్పు వల్లే. కాలేజీలో మేష్టార్లు కథకి ఎత్తుగడ, ముగింపు అని చాలా చెప్పారు. చేతిలో ఏముందని ఎవరూ అడగలేదు. కాగితం ముందు పెట్టుకుని ఏమీ తోచక గిలగిల్లాడితే అత్తయ్య కలం లాక్కునేది. "చెవులు ఖాళీగా ఉంటే చెయ్యేం రాస్తుంది? రా, కూర్చో," అని పక్కన చోటిచ్చేది. విన్నాక, ఎవరొచ్చారో ముందు తనకి చెప్పించుకుని, ఆ తర్వాతే రాయనిచ్చేది. ఒక వారపత్రికలో నా మొదటి కథ వచ్చినప్పుడు నాన్న పత్రిక తిప్పి తిప్పి చూసి, "ఇందులో మేనత్త నువ్వేనా అక్కా?" అన్నారు. "నేనెందుకవుతానురా, దీనికి పళ్ళున్నాయిగా," అంది ఆవిడ.

మా ఇంటామెకీ ఇది అలవాటైంది. గోడకి అటుపక్క ఆమె కొట్టం. పాలు పితకడం అయ్యాక గోడమీద మోచేతులు ఆన్చి వినేది. అత్తయ్య ఆమెనీ వదిలేది కాదు.

"నీకెవరొచ్చారు?"

"బర్రె వచ్చిందక్కా."

"నిన్నా బర్రే అన్నావు!"

"నిన్నటిది సూడిది. గిది వేరే."

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఏ రాగమైనా ఆమెకి బర్రే వచ్చేది. ఒకనాడు మాత్రం సన్నాయి సగంలో ఉండగానే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పాలచెంబు ఇస్తూ, "నిన్న మా చిన్నది వచ్చిందక్కా. అమ్మోరు తీస్కపోయిన పిల్ల. చేతిల మక్కకంకి వట్టుకోని వచ్చింది," అంది. అమ్మ చప్పున చెంబు కింద పెట్టి ఆమె భుజం పట్టుకుంది. అత్తయ్య మటుకు ఓదార్పు మాటలేం చెప్పలేదు. "పచ్చిదా, కాల్చిందా?" అని అడిగింది. ఇంటామె ఒక్క క్షణం ఆలోచించి, "కాల్చిందే. మూతంత మసి చేస్కున్నది," అని నవ్వింది. నవ్వుతూనే కూలబడి ఏడ్చింది. పోయిన బిడ్డ గురించి ఆమె మా దగ్గర అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత అడపాదడపా మాట్లాడుతూ ఉండేది.

మా అమ్మానాన్నల సంగతీ చెప్పాలి. ఒకసారి అమ్మ పుట్టింటినుంచి వచ్చేటప్పుడు నాన్న స్టేషన్‌కి వెళ్ళడం మరిచిపోయారు. వాన. అమ్మ తడిసి ముద్దై ఇంటికొచ్చి, ఆ రోజునుంచి నాన్నతో మాట్లాడడం మానేసింది. "కూర చాలునేమో మీ నాన్ననడుగు." "ఉప్పు తక్కువైందని మీ అమ్మతో చెప్పు." మధ్యన నేను పోస్టుమాన్‌లా తిరిగేదాన్ని. అత్తయ్య కలగజేసుకోలేదు. సాయంత్రం ఫిడేలు వింటూ కూర్చున్నాం. అయ్యాక ముందు నాన్ననే అడిగింది.

నాన్న బూటు పక్కన పెట్టారు. "ఒకావిడ వచ్చింది. రైలు దిగింది. స్టేషన్లో ఎవరూ లేరు," అన్నారు నేలకేసి చూస్తూ.

"చేతిలో ఏముంది?"

"ఒక చేతిలో సంచి. ఇంకో చేతిలో ఆవకాయ జాడీ."

చిక్కుడుకాయలు ఆగాయి. "జాడీ కాదు, డబ్బా," అంది అమ్మ గోడతో చెప్పినట్టు. "జాడీ అయితే ఆ బురదలో ఏనాడో పగిలుండేది."

"డబ్బాయే," అన్నారు నాన్న వెంటనే. "ఆ డబ్బా తడవకుండా కొంగు కప్పుకుంది. తను తడిసింది."

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి నాన్నకి కాఫీ తనే తెచ్చి ఇచ్చింది. అత్తయ్య ఏమీ ఎరగనట్టు విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది.

ఆ విసనకర్ర గురించే చెప్పాలి. ఫిడేలు వస్తున్నప్పుడు అత్తయ్య విసరడం ఆపేసేది. కాడ ఎడంచేతిలోకి మారేది. వేళ్ళు కాడ మీద కదిలేవి, ఒకదాని వెనక ఒకటి, నొక్కుతూ, జారుతూ. నాకు జడ వేసేటప్పుడు కూడా పాయల మీద ఆ వేళ్ళు అలాగే పరిగెత్తేవి. పెళ్ళికి ముందు ఆవిడ ఫిడేలు బాగా వాయించేదని నాకు తెలుసు. మామయ్య పోయాక ముట్టుకోలేదనీ తెలుసు. నాన్న ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, "మా బావ పోయాక మా అక్క ఫిడేలు వంక చూడలేదండి, అలాంటి మనిషి," అని. అత్తయ్య కాదనేది కాదు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఇద్దరమే సీతాఫలం చెట్టు నీడన కూర్చుని చింతపండు గింజ తీస్తున్నప్పుడు, నేనే అడిగాను, అంత ఇష్టమైంది ఎలా వదిలేశావని.

"వదల్లేదే. ఏడాది ఆగమన్నారు," అంది. "మా అత్తగారు చెడ్డదేం కాదు. గుడ్డ చుట్టి అటక మీద పెట్టించి, ఏడాదేగా తల్లీ, అంది. సరే అన్నాను. ఏడాదైంది. ఎవరూ దించలేదు. నేనడిగితే మీ మామయ్య మీద నాకు ప్రేమ లేదనుకుంటారేమోనని అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడో నేనే ఎక్కి దించాను. తీగలు తుప్పుపట్టాయి. కొత్తవి వేయించుకోవచ్చు, అది కాదు... వేలు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. వేలికి తెలీలేదు."

"మరి?"

"మరేముంది. మళ్ళీ గుడ్డ చుట్టి అక్కడే పెట్టేశాను." గింజ ఒకటి దూరంగా విసిరింది. "మౌనాన్ని ఏడాదికని లోపలికి రానిస్తాం. అది గడువు చూసుకుని లేచి వెళ్ళే చుట్టం కాదే."

అత్తయ్య కర్మ నాన్నే చేశారు. బంధువులు వెళ్ళిపోయిన మర్నాడు ఆయన రేడియోని తువ్వాల్లో చుట్టారు. ఎంత జాగ్రత్తగా చుట్టారంటే, చంటిపిల్లని చుట్టినట్టు. బల్ల వేసుకుని ఎక్కి అటక మీద పెట్టారు. "ఏడాది ఈ ఇంట్లో ఇది పలకదు. మా అక్కకి నేను చెయ్యగలిగింది ఇంతే," అన్నారు.

ఆయన అక్క కథే మళ్ళీ జరుగుతోంది. తువ్వాలుతో సహా. ఆయనకి తెలియదు.

సాయంత్రాలు ఎలా ఉన్నాయో చెప్పడం నాకు కష్టంగా ఉంది. వేళవుతుంది. అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుంటుంది, అత్తయ్య కూర్చునే గోడవైపు చూసి, పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోతుంది. నాన్న బూట్లు దుమ్ముకొట్టుకునే ఉన్నాయి. ఇంటామె గోడ దాకా వచ్చి, "ఇయ్యాల సుత లేదా బిడ్డా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోతుంది. మేం ఒకరితో ఒకరం అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం. అన్నం, నీళ్ళు, రైలు టైము. నేను కాగితం ముందు కూర్చుంటే ఎవరూ రావడం లేదు. నా జడ నేనే వేసుకుంటున్నాను, వంకరగా వస్తోంది.

నిన్న నాన్నని అడిగాను. "అత్తయ్య ఫిడేలు ఎందుకు మానేసిందో మీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటమ్మా. బావ మీద..."

"కాదు నాన్నా." జరిగిందంతా చెప్పాను. అటక, గుడ్డ, తుప్పు, వేళ్ళు. అయ్యాక, "నాతో ఎందుకు చెప్పలేదే అది?" అన్నారు. చిన్నపిల్లాడి గొంతు అది. ఆయన అంతకాలమూ అందరికీ గర్వంగా చెప్పుకున్న అక్కని నేను ఒక్క పూటలో తీసేసుకున్నాను. నన్నే కాదు, ఆవిడని కూడా మీరు తప్పుగానే అర్థం చేసుకున్నారు అనాలనిపించింది, అనలేదు.

"అయితే రేడియో దించనా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. లోకం కోసం కాదు. అది మోగి ఆగిపోయాక... ఎవరడుగుతారు? నాకు భయంగా ఉంది."

నాకూ భయంగానే ఉంది. ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు నోరు తెరవాలి. నేను తెరుస్తాను. నాన్న ఉంటే ఉంటారు. ఉండలేకపోతే స్టేషన్ దాకా నడిచి వస్తారు, బండ్లు చూసి వస్తారు. అమ్మ రాయి అంటే అననీ.

అత్తయ్యకి ఇంకో అలవాటుండేది. సెల్లులు నీరసిస్తే పారేయనిచ్చేది కాదు. పొద్దున్నే రేడియోలోంచి తీసి, ఇంటామె గోడమీద వరసగా ఎండలో పడుకోబెట్టేది. "కాస్త ఎండ తగలనిస్తే లేస్తాయే, తొందరపడి చచ్చిపోయాయనకు," అనేది. నిజంగానే మరికొన్ని సాయంత్రాలు పలికేవి.

ఇవాళ పొద్దున బల్ల వేసుకుని అటక ఎక్కాను. తువ్వాలు విప్పాను. ఇది రాస్తుంటే కిటికీలోంచి గోడ కనిపిస్తోంది. దానిమీద సెల్లులు ఎండలో ఉన్నాయి. ఇంటామె బర్రె ఒకటి వాటిని వాసన చూసి పోయింది.

సాయంత్రం రేడియో పెడతాను.