కంభం చెరువు కాడ నాయన చెప్పిన సాక్ష్యం

మా నాయన గిద్దలూరు బస్టాండులో కంట్రోలరు. బస్సు ఎప్పుడొస్తదని అడిగినోళ్లందరికీ దోర్నాల దాటింది, వస్తాంది అని చెప్పడం ఆయన ఉద్యోగం. అది దాటిందో లేదో ఆయనకూ తెలియదు.

ఆ ఎండాకాలం మా చర్చి కుటుంబాల క్యాంపు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు కంభం చెరువు గట్టు అన్నది ఆయనే. చల్లటి గాలి, కనుచూపు మేర నీళ్లు, పిల్లలకు ఆట అన్నాడు. ఆయన ఆ చెరువును చూసింది ఎవరిదో పెళ్లికి పోయినప్పుడు, అదీ వానాకాలంలో. కమిటీ పెద్దలు తామూ చూసినట్టే తలలూపినారు. ఫ్లెక్సీ వేయించినారు. అందులో పచ్చటి కొండల మధ్య నీలం సరస్సు, దాని మీద తెల్ల పడవ.

మే నెలలో ఒక శనివారం పొద్దున్నే టెంపోల్లో పోయి దిగినాము. గట్టు ఉంది. గాలి కూడా ఉంది, కాకపోతే పొయ్యిలోంచి వస్తున్నట్టుంది. చెరువు మాత్రం లేదు. మా ముందర నెర్రెలిచ్చిన నేల, దాని మీద గొర్రెలు, చాలా దూరంలో ఒక తళుకు. గాలి నింపిన ట్యూబులు పట్టుకొని దిగిన పిల్లలు గట్టు మీద నిలబడి చూసినారు. తర్వాత పెద్దలు చూసినారు. తర్వాత అందరూ కలిసి మా నాయన దిక్కు చూసినారు.

"నీళ్లు ఆడనే ఉండాయి. కొంచెం ముందుకు జరిగినాయంతే," అన్నాడు నాయన.

అందరికీ తిట్టాలనే ఉంది. క్రైస్తవ ప్రేమ అడ్డం వచ్చింది. కాకపోతే ఒక పెద్దాయన ప్రార్థన చేస్తూ, మమ్మల్ని ఈ ఎండిన స్థలానికి నడిపించిన దేవా అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. అది నాయనకు తగిలింది. ఒంగోలు నుంచి వచ్చిన అతిథి పాస్టరుగారు మైకు అందుకోగానే, అమ్మను, నన్ను, చెల్లెల్ని షామియానా వెనక నుంచి బయటికి తీసుకొచ్చినాడు. నీళ్ల దగ్గర ఫోటో దిగి చర్చి గ్రూపులో పెడితే గాని ఆయనకు అన్నం దిగేటట్టు లేదు.

అమ్మ కట్టుకున్నది కొత్త పట్టుచీర. ఎంత దూరమని అడిగింది. దగ్గరే అన్నాడు. నడిచినాము. వెనక మైకులో ఇశ్రాయేలీయులు కూడా అరణ్యంలో నడుస్తున్నారు. వాళ్లకైనా తినడానికి ఆకాశం నుంచి మన్నా పడింది, మనకు అదీ లేదని చెల్లెలు సణిగింది. మొదట గట్టిగా ఉన్న నేల పోను పోను మెత్తబడి, చెప్పులు మింగడం మొదలుపెట్టింది. చేపలోళ్ల పుట్టి ఒకటి బోర్లించి ఉంటే అమ్మ దాని మీద కూర్చుండిపోయింది.

"నేనింక రాను. నీళ్లనే ఇట్ల రమ్మను," అంది.

నాయన ఫోను నా చేతిలో పెట్టి, ప్యాంటు మడిచి ఒక్కడే పోయినాడు. నీళ్లలో అడుగు పెట్టినాక మా వైపు తిరిగి, చెయ్యెత్తి, నవ్వబోయి, జారి పడినాడు. మేం పరిగెత్తినాము. మోకాలి లోతే. అయినా ఆయన లేవలేదు. గుండెల దాకా నీళ్లలో అట్లనే కూర్చొని, చల్లగా ఉండాయి అన్నాడు. బస్టాండు గొంతు తప్ప ఇంకో గొంతు ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. చెల్లెలు దిగింది, నేనూ దిగినా. ఆఖరికి అమ్మ కూడా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని వచ్చి పాదాలు తడుపుకుంది. ఫోటో సంగతి అందరం మరిచిపోయినాము.

తిరిగి వచ్చేసరికి ప్రసంగం అయిపోవస్తాంది. స్టేజీ పక్కన పెట్టిన నీళ్ల డ్రమ్ముల దగ్గర నాయన బురద పోవాలని రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకొని, అటునుంచే లోపలికి వచ్చినాడు. సరిగ్గా అప్పుడే అతిథి పాస్టరుగారు కళ్లు మూసుకొని, బాప్తిస్మం తీసుకోవాలని తీర్మానం చేసుకున్నవాళ్లు ముందుకు రండి అని పిలుస్తున్నారు. కళ్లు తెరిస్తే ఎదురుగా నీళ్లు కారుతూ మా నాయన.

అతిథిగారు స్టేజీ దిగి ఎదురొచ్చినారు. ఈ సహోదరుడు మన పిలుపు కోసం కూడా ఆగలేదు, తనంతట తానే నీళ్లలో దిగి వచ్చినాడని చెప్పి నాయన తల మీద చెయ్యి పెట్టినారు. మా నాయన మూడో తరం క్రైస్తవుడు. మా పాస్టరుగారు ఆ సంగతి చెవిలో చెప్పబోతే, ఆయన్నీ దగ్గరికి లాక్కొని కలిపి ప్రార్థన చేసినారు. ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ప్రార్థన అయినాక మైకు నాయన చేతికిచ్చి దేవుడు తనకేం చేసినాడో సాక్ష్యం చెప్పమన్నారు.

నాయన అందర్నీ ఒకసారి చూసినాడు.

"చెరువులో నీళ్లు ఉండాయి. నేను చూసి వచ్చినా."

అతిథిగారు ఒక్కరే ఆమెన్ అన్నారు.

భోజనం అయీ కాకముందే పిల్లలు ట్యూబులెత్తుకొని పరుగు తీసినారు. వాళ్ల వెనక తల్లులు, ఆ వెనక, పిల్లల్ని చూసుకోవాలి గదా అంటూ కమిటీ పెద్దలు. కుటుంబ జీవితం గురించి జరగాల్సిన మధ్యాహ్నం ప్రసంగం, కుటుంబాలు లేక ఆగిపోయింది.

నాయన వంటాయన దగ్గర లుంగీ అడిగి కట్టుకొని, షామియానా తాడు మీద చొక్కా ఆరేసి, కోడికూర కలుపుకుంటున్నాడు. అతిథి పాస్టరుగారు పక్కనే కూర్చొని, విశ్వాసంలో కొత్తవాళ్లకు ఎట్లాంటి కష్టాలు, శోధనలు వస్తాయో చెప్తున్నారు. నాయన అడ్డం చెప్పకుండా బుద్ధిగా వింటున్నాడు. అమ్మ ఇద్దరికీ ఇంకొంచెం కూర వడ్డించింది.