మా తోడికోడలు దారి తప్పిన రోజు

ముప్పై ఎనిమిదో ఏట షుగరు మొదలవుతోందని డాక్టరు చెప్పాక నేను పరుగు మొదలుపెట్టాను. మాది సౌకార్‌పేటలో మూడు తరాలుగా స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న ఇల్లు. ఆ ఇంటి పెద్ద కోడలు బూట్లు వేసుకుని వీధిలో పరుగెత్తడం మొదట్లో అందరికీ వింతే. అంగళ్ళ షట్టర్లు లేవకముందే వెళ్ళి, పాలు కాగే వేళకు ఇంట్లో ఉండేదాన్ని. ఏడాదికి రాయపురం చేపల హార్బరు దాకా, రెండేళ్ళకు సముద్రం పక్క రోడ్డు మీద తిరువొత్తియూరు దాకా పోయి రాగలిగాను. కోడలిగా, భార్యగా, తల్లిగా నాకు ఎన్నో పనులున్నా, నాది అని చెప్పుకోగలిగింది మాత్రం అదొక్కటే.

ఆ తర్వాత మా తోడికోడలూ పరుగులోకి వచ్చింది. మా మరిది భార్య, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఒకనాడు వంటింట్లో, "అక్కా, రేపట్నుంచి నేనూ నీతో వస్తా. సుమ్మా, ఊరికే నడుస్తాలే" అంది. కాదనడానికి కారణం దొరకలేదు. మొదటి వారం రెండు వీధులు దాటేసరికి నడుం పట్టుకుని నిలబడిపోయేది. ఊపిరి ఎలా తీసుకోవాలో, బూటు తాడు ఎంత బిగించాలో నేనే నేర్పాను. అప్పుడు నాకు చాలా బాగుండేది.

ఏడాది తిరిగేసరికి ఆమె నా పక్కన పరుగెత్తుతోంది. ఇంకో ఆరు నెలలకు నాకు ముందు పరుగెత్తుతోంది. చెమట పట్టినా ముఖం అలాగే నవ్వుతూ ఉండేది. మా అత్త వచ్చినవాళ్ళందరికీ, "మా చిన్నది చూడండి, గుర్రం మాదిరి పోతా ఉంది" అని చెప్పేది. నేను ఐదేళ్ళు పరుగెత్తినా ఆవిడ నోట ఒక్క మాట రాలేదు. ఆ రోజుల్లో మా తోడికోడలికి జలుబు చేస్తే నాకు హాయిగా ఉండేది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఊరికి రెండు గంటల దూరంలో, ఆంధ్రా సరిహద్దు కొండల్లో జరిగే యాభై కిలోమీటర్ల పరుగుకి పేరు ఇచ్చింది ముందు నేనే. రోడ్డు మీద ఆమెదే వేగం. కానీ రాళ్ళూ ముళ్ళూ ఉన్న కొండదారిలో ఓపిక కావాలి, అది నాకుందనుకున్నాను. వారం తర్వాత ఆమె కూడా పేరు ఇచ్చింది. "నువ్వుండావనే ధైర్యంతో ఇచ్చినాక్కా" అంది.

పొద్దున ఐదున్నరకు మామిడి తోటల పక్కనుంచి బయల్దేరాం. పన్నెండు గంటల్లో పూర్తి చేయాలి. ముప్పై రెండో కిలోమీటరు దగ్గరున్న శిబిరాన్ని మధ్యాహ్నం ఒంటిగంటలోపు దాటాలి, లేకపోతే అక్కడితో ఆపేస్తారు. దారి పొడవునా కొమ్మలకు ఎర్ర రిబ్బన్లు కట్టారు, వాటిని చూసుకుంటూ పోవడమే. మొదటి ఏరు దాటేదాకా కలిసే వెళ్ళాం. ఎక్కుడు మొదలవగానే ఆమె పసుపుపచ్చ టోపీ నా ముందుకు పోయింది. ఓపిక నాకుందనుకున్న చోట కూడా ఆమే ముందు.

ఇరవై ఒకటో కిలోమీటరు దగ్గర దారి రెండుగా చీలింది. రిబ్బను ఎడమవైపు చెట్టుకుంది కానీ ఆకుల వెనక్కి జారిపోయింది. ఆమె కాళ్ళ కింద రాళ్ళు చూసుకుంటూ నేరుగా, పశువులు తొక్కిన బాటలోకి దిగింది. నేను యాభై అడుగుల వెనక ఉన్నాను. నాకు రిబ్బను కనిపించింది. పిలుద్దామని నోరు తెరిచాను కూడా. ఆమె పేరు రెండక్షరాలే. పిలవలేదు. చీలిక దగ్గర నిలబడి, పసుపు టోపీ పొదల వెనక కనిపించకుండా పోయేదాకా చూసి ఎడమవైపు తిరిగాను.

ఆమె నన్ను చూడలేదనుకున్నాను.

తర్వాతి నాలుగు కిలోమీటర్లు నేను ఎప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తాను. ఆ వేగమే నన్ను పడగొట్టింది. ఎండెక్కేసరికి కడుపు తిప్పింది. తాగిన నీళ్ళన్నీ ఒక బండ పక్కన కక్కేశాను. ఆ తర్వాత ఏం తాగినా నిలవలేదు. పిక్కలు గట్టిగా పట్టేసి, దిగుడులో కూడా కర్ర సాయంతో నడవాల్సి వచ్చింది. శిబిరం చేరేసరికి పన్నెండూ పది.

టార్పాలిన్ కింద కూర్చోగానే నేను అడిగిన మొదటి మాట నీళ్ళు కాదు. మా తోడికోడలి పరుగు నంబరు చెప్పి, వచ్చిందా అని అడిగాను. రాలేదన్నారు. ముందు సంతోషం కలిగింది. పుచ్చకాయ ముక్క చేతిలో ఉండగానే ఆ సంతోషం భయంగా మారింది. ఆ బాట ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. లోయలుంటాయి, పాములుంటాయి. ఇంటికి పోయి ఆమె ఆరేళ్ళ కూతురికి ఏం చెప్పాలి?

శిబిరం చూసుకుంటున్నాయన ఆ కొండ కింది ఊరివాడు, పెద్ద వయసు. ఆయన్ని పిలిచి చెప్పాను.

"చీలిక దగ్గర నేరుగా పోయింది. నేను చూసినా."

"ఎప్పుడు చూసినారమ్మా?"

"మూడు గంటలు దాటింది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అప్పుడే ఒక కేక వేసుంటే సరిపోయేది గదమ్మా" అని, వాదించకుండా ఫోన్ తీసి వెతకడానికి మనుషుల్ని పంపమని చెప్పాడు.

పన్నెండూ నలభైకి ఆమే వచ్చింది. మోచేయి గీరుకుపోయి ఉంది, ముఖం మాత్రం నవ్వుతోంది.

"అక్కా, నువ్వు ఈడుండావా! నేను దోవ తప్పి ఎక్కడికో పోయినా. మేకలు కాసే ముసలాయన మజ్జిగిచ్చి, తోడొచ్చి దోవ చూపించినాడు. లే, ఇంకా ఇరవై నిమిషాలుంది."

నేను లేవలేనన్నాను. ఆమె నా పక్కన కూలబడింది. "అయితే నేనూ నిలిపేస్తా. నువ్వు లేకుండా ఎట్ట పోయేది?"

పొమ్మని చెప్పాలి. ఆమె కాళ్ళల్లో ఇంకా సత్తువుంది. నేను పుచ్చకాయ గింజలు ఏరుతూ కూర్చున్నాను. ఆపేస్తే ఆపేయనీ, ఇద్దరం ఒకటే అవుతాం అనుకున్నాను. ఆ పెద్దాయన కొంచెం దూరంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తట్టుకోలేక, "పో, టైమవుతా ఉంది" అన్నాను. అది ప్రేమతో అన్న మాట కాదు.

ఆమె సీసా నింపుకుని వెళ్ళిపోయింది. నేను నా నంబరు కాగితం పిన్నులు తీసి ఇచ్చేశాను. ఆపేసిన ఇంకో ఇద్దరితో పాటు జీపులో నన్ను కిందికి దింపారు. పూర్తయ్యే చోట కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా గడియారం చూశాను. గడువు ఐదున్నరకు. ఐదు దాటింది. ఐదుం పావైంది. రాదేమో అనుకున్న ప్రతిసారీ లోపల చల్లగా ఉండేది. ఐదూ ఇరవైకి కుంటుతూ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటినుంచి వీడియో కాల్ వచ్చింది. మా అత్త ఆమెను చూసి మురిసిపోయి, చివర్లో నన్ను అడిగింది: "నువ్వేందమ్మా, మధ్యలోనే నిలిచిపోతివి?"

తిరుగు ప్రయాణంలో, పూందమల్లి దగ్గర కారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు చెప్పేశాను. డ్రైవరు తమిళుడు, తెలుగు రాదు.

"నువ్వు నేరుగా పోతా ఉంటే చూసినా. పిలవలా."

ఆమె ఒళ్ళోని పసుపు టోపీని మడిచి సంచిలో పెట్టుకుంది.

"తెలుసక్కా. నేను వెనక్కి తిరిగి చూసినా. నువ్వు నిలబడి చూస్తా ఉండావు. పిలవలేదు గదా, ఇదే దోవ అనుకున్నా."

అంతే అంది. తిట్టలేదు, ఏడవలేదు. ఇంటికెళ్ళాక మా అత్తకు గానీ మరిదికి గానీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కోపం తెచ్చుకోవడానికి ఒక దారి దొరికేది.

పది నెలలు నేను ఒక్కదాన్నే పరుగెత్తాను. ఆమె ఏ వేళకు వెళ్తోందో అడగలేదు. ఆ మధ్య ఒక పొద్దున మెట్ల మీద ఎదురైతే, ఈ ఏడు మళ్ళీ ఆ కొండ పరుగుకి పేరు ఇస్తున్నాను, నువ్వూ ఇస్తావా అని అడిగాను. క్షమించమని అడగడానికి నాకు తోచిన పద్ధతి అది.

"ఈసారి నువ్వొక్కదానివే పోయి రా అక్కా. నాకు బిడ్డ పరీక్షలుండాయి" అంది.

ఆ మాటకు నాకు ముందు కలిగింది ఊరట. ఆమె పైకి వెళ్ళిపోయాక, బూటు తాడు సగం కట్టుకుని, ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను.