రోజుకో కూర, రోజుకో స్తోత్రం

మా మావయ్య పోయారన్న కబురు నాకు రెండుసార్లు చేరింది. మొదట సంఘం వాట్సాప్ గ్రూపులో, హైస్కూలు రిటైర్డ్ గుమాస్తాగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారని పాస్టరుగారు పెట్టారు. అది సగం చదువుతుండగానే అత్తయ్య ఫోను. "అమ్మాయ్, మీ మావయ్య లేరే" అంది. వెనకాల కుక్క మొరుగుతోంది. రాజమండ్రిలో నేను బ్యాంకుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నదాన్ని, బ్యాంకుకి వెళ్ళకుండా స్టేషనుకి వెళ్ళి మావయ్యవాళ్ళ ఊరు సామర్లకోటలో ఆగే బండి ఎక్కాను.

ఆయన నాకు మేనమామ, మా అమ్మకి పెద్దన్నయ్య. నా చదువు మొత్తం వాళ్ళింట్లోనే సాగింది. ఉద్యోగం వచ్చాక కూడా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఇంట్లో భోజనం చెయ్యకపోతే నాకు వారం గడిచినట్టు ఉండేది కాదు. కాబట్టి ఆయన్ని గురించి రాయడమంటే, ఆయన తిండి గురించి రాయడమే. తప్పనుకునేవాళ్ళు అనుకోండి.

మావయ్య భోజనప్రియుడు. ఆ మాట ఆయన ముందు అంటే సరిదిద్దేవారు. "ప్రియుడిని కాదమ్మా, కృతజ్ఞుడిని" అనేవారు. భోజనానికి ముందు ప్రార్థన మా ఇళ్ళన్నింటిలోనూ ఉంటుంది. కానీ మిగతావాళ్ళు ఈ ఆహారాన్ని దీవించు తండ్రీ అని ఒక్క ముక్కలో ముగిస్తే, ఆయన ఆ పూట కూర పేరు చెప్పి మరీ స్తోత్రం చెల్లించేవారు. బీరకాయలు లేతగా దొరికినందుకు స్తోత్రం. దొండకాయ ముదిరినా, దొరికింది గనక స్తోత్రం. ఆకలితో కళ్ళు మూసుకుని కూర్చున్న మాకు ఆయన ప్రార్థన ఎప్పటికి పూర్తవుతుందా అని ఉండేది.

ఆ ఇంట్లో కుక్కకీ రోజుకో రకం వండేవారు. దాని పేరు బుజ్జోడు. రైల్వే గేటు దగ్గర వర్షంలో తడుస్తున్న కుక్కపిల్లని గొడుగులో పెట్టి తెచ్చారట. తెల్లకుక్క, ఒక చెవి మాత్రం గోధుమరంగు. దానికి ఒక రోజు గుమ్మడికాయ అన్నం, ఒక రోజు ఉడికించిన గుడ్డు, ఒక రోజు కోడి, ఒక రోజు శీలావతి చేప. చేపైతే ఒక్కో ముల్లూ వేళ్ళతో తడిమి తీసి, అన్నంలో కలిపి పెట్టేవారు. ఉల్లిపాయ కుక్కకి పడదని తెలిసిన దగ్గర్నుంచి దానికి వేరే గిన్నెలో, ఉప్పూ కారం లేకుండా వండించేవారు. వండేది అత్తయ్య. మెచ్చుకోలు మాత్రం ఆయనది.

నాకు ఒళ్ళు మండేది. మా ఆఫీసులో ఒకావిడ తన కుక్కకి ఏడాది పొడుగునా ఒకే సంచిలో గింజలు పోస్తుంది, అది గుర్రంలా ఉంటుంది. అదే చెప్పాను ఒకసారి. కుక్కకి రకాలు అక్కర్లేదు మావయ్యా, బలం ఉంటే చాలు, అత్తయ్యని ఊరికే ఎందుకు పొయ్యి దగ్గర నిలబెడతావు అని గట్టిగానే అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కాస్త ఆలోచించి చెప్పారు.

"రోజూ ఒకే కూరకి స్తోత్రం చెప్పామనుకో, మూడో రోజుకల్లా నోరు చెబుతుంది గానీ మనసు చెప్పదమ్మా. కూర మారితే, దేనికి చెబుతున్నామో చూసి చెబుతాం."

"స్తోత్రం చెప్పేది నువ్వు కదా, వాడు కాదుగా?"

"వాడి తరఫున చెప్పేది కూడా నేనేగా."

అలాంటి మనిషితో ఏం వాదిస్తాం. నేను పెరుగు వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఆయన గుండె బలహీనపడింది. కాళ్ళు వాచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కాకినాడ డాక్టరు నీళ్ళు కొలిచి తాగమన్నారు, ఉప్పు పూర్తిగా మానమన్నారు. ఆవకాయ జాడీ మా ఇంటికి వచ్చేసింది. అత్తయ్య చప్పిడి పప్పు వండి పెడితే, ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకి జరిపారు. ఇది తిండి కాదు, మందు, మందుకి స్తోత్రం చెప్పడం తనకి రాదన్నారు. ఎన్ని రకాలుగా వండినా అదే వరస. చూస్తుండగానే మెడ ఎముకలు బయటపడ్డాయి. డాక్టరు చెప్పినట్టు చేస్తే తినరు, తినేలా చేస్తే బతకరు. ఆ వారాల్లో అత్తయ్య నాకు రోజూ ఫోను చేసి ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే బుజ్జోడి గిన్నెలో చేప ముళ్ళు తీస్తూ, ముల్లేమన్నా మిగిలిందేమోనని ఒక ముద్ద నోట్లో వేసుకున్నారు. ఇంకొకటి వేసుకున్నారు. వీడిది బాగానే ఉందే అన్నారట. అత్తయ్య తలుపు వెనక నుంచి చూసింది. ఆవిడ తెలివి అప్పుడు చూడాలి. ఆ మర్నాటి నుంచి ఆయనకి వండడం మానేసింది. బుజ్జోడికి పెద్ద గిన్నెలో వండి, ఎక్కువైపోయిందండీ, పారబొయ్యడమెందుకు, మీరు కాస్త తినండి అనేది. ఆయన నిమ్మకాయ పిండుకుని తినేవారు. కుక్క పేరు చెప్పి రోజుకో రకం వండడం, ఆయన దానికి పేరు పెట్టి స్తోత్రం చెప్పడం, ఇద్దరూ తినడం. అలా ఇంకొన్నేళ్ళు ఆయన మాకు దక్కారు.

ఆయనకి సంగతి తెలుసో లేదో అని మేం గుసగుసలాడుకునేవాళ్ళం. ఒక ఆదివారం నాతో, మీ అత్తయ్య నాకోసం ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వండలేదమ్మా, కుక్కకైతే మహా బాగా వండుతుంది అన్నారు. అంటూ వంటింటి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ మరపు రాదు. ఆయనకి అంతా తెలుసు.

ఆ మనిషి నిద్రలోనే వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. సంఘస్థులు కీర్తనలు పాడుతున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరం తలలు వంచాం. నేను మధ్యలో కళ్ళు తెరిచి చూస్తే అత్తయ్య కళ్ళు తెరుచుకునే ఉంది. మావయ్య ఉన్న పెట్టె వైపు కూడా కాదు, ఎదురుగా గోడ వైపు చూస్తోంది. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. సాయంత్రం భూస్థాపన అయింది.

బుజ్జోడు తినడం లేదని మర్నాడు తెలిసింది. ఎవరో పెట్టిన అన్నం గిన్నెలో ఎండిపోయి ఉంది. కొత్త అన్నం పెట్టాం. వాడు గిన్నె ముందు బుద్ధిగా కూర్చున్నాడు, నోట్లోంచి చొంగ కారుతోంది, మూతి మాత్రం పెట్టడు. ఇక చుట్టాలంతా తలో వైద్యం మొదలెట్టారు. వాడికి రోజుకో రకం అలవాటు కదా, తెల్లన్నం ఎందుకు తింటాడన్నారు. మా పిన్ని పాలు పోసింది. బాబాయి బిర్యానీలో ముక్కలు కడిగి పెట్టాడు. సంఘపెద్దగారు బేకరీ నుంచి బన్ను తెచ్చారు. రకాలు అక్కర్లేదని వాదించిన నేను కూడా, సిగ్గులేకుండా, గుడ్డు ఉడికించి, అదీ కాదంటే బజారుకెళ్ళి గింజల ప్యాకెట్టు కొనుక్కొచ్చాను. అన్నింటి ముందూ కూర్చున్నాడు. ఒక్కటీ ముట్టలేదు.

ఆటోలో ఎక్కించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పళ్ళు, పొట్ట అన్నీ చూసి జబ్బేం లేదన్నారు. "కుక్కకి రోజుకో రకం అవసరం లేదండి. అన్నీ సరిపడా ఉంటే ఒకే తిండి అయినా చాలు. మీరిలా పూటకోటి మారిస్తే ఉన్న కడుపు పాడవుతుంది. అలవాటైన తిండే పెట్టి చూడండి" అన్నారు. నేను చెప్పిందే ఆయనా చెప్పారు. మావయ్య ఉంటే, గెలిచావులే అమ్మా అనేవారు. ఆటోలో తిరిగి వస్తూ నేను బాగా ఏడ్చాను. బుజ్జోడు నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతున్నారు. అందరూ వెళ్ళాక ఇల్లు సర్దుతుంటే ఇంకో సంగతి తెలిసింది. అత్తయ్యకి పెట్టిన కంచాలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆవిడ టీ మీదే బతుకుతోంది. అడిగితే ఆకలి లేదంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే లేచి సొరకాయ కూర వండింది. ఉప్పు వెయ్యలేదు. ఇద్దరికి సరిపడా పెద్ద గిన్నెలోనే వండింది. అన్నంలో కలిపి పెరటి గుమ్మం దగ్గర బుజ్జోడి ముందు పెట్టి, మెట్టు మీద కూర్చుంది. వాడు కూర్చున్నాడు. గిన్నె వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అంతే.

ఇంకేదైనా వండి చూద్దామా అన్నాను.

"ఏం వండినా అంతేనే" అంది అత్తయ్య. "వాడికి కావాల్సింది కూర కాదు. ప్రార్థన."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పిల్లప్పుడు వాడు మావయ్య కళ్ళు మూసుకోగానే గిన్నె ఖాళీ చేసేవాడట. ఆయన పట్టుబట్టి, ఆమెన్ అనేదాకా ముట్టకూడదని నేర్పారట. ఇన్నేళ్ళూ ప్రతి పూటా వాడు మాతో పాటే కాచుకుని, ఆమెన్ అన్నాకే తిన్నాడు. ఆ సమయంలో మేమంతా కళ్ళు మూసుకుని ఉంటాం కాబట్టి ఒక్కరమూ చూడలేదు. ఇంటినిండా విశ్వాసులు ఉండి, ఎవరి కంచం ముందు వాళ్ళం ప్రార్థన చేసుకుని తిన్నాం గానీ, కుక్క గిన్నె ముందు చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

నేను గబగబా ఆమెన్ అన్నాను. వాడు నా వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు.

"ప్రార్థన లేకుండా ఆమెన్ ఏంటే" అంది.

"నీకు తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు అత్తయ్యా?"

"స్తోత్రం అన్న మాట నోట్లోంచి రావడం లేదే. ఆయన పోయిన దగ్గర్నుంచీ రావడం లేదు. వాడికి అబద్ధం చెప్పి తినిపించనా?"

అప్పుడు తెలిసింది, ఆవిడ టీతో ఎందుకు సరిపెట్టుకుంటోందో. టీకి ప్రార్థన అక్కర్లేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వీధిలో ఎవరిదో మోటార్‌సైకిలు వెళ్ళింది. బుజ్జోడు కదలకుండా కూర్చునే ఉన్నాడు. వాడి డొక్కలు లోపలికి పోయి కనిపిస్తున్నాయి. అత్తయ్య వాటినే చూస్తోంది.

"ప్రభువా" అంది చివరికి. కళ్ళు మూసుకోలేదు. "ఆయన్ని నాకిచ్చినందుకు స్తోత్రం. తీసుకెళ్ళిపోయినందుకు మాత్రం ఇప్పుడు చెప్పలేను. నన్ను అడగొద్దు. ఈ సొరకాయ లేతగా ఉంది. దీనికి స్తోత్రం. ఆమెన్."

వాడు తల దించాడు. తింటున్న ఊపుకి సత్తుగిన్నె గచ్చు మీద గరగరమంటూ జరుగుతోంది. అత్తయ్య కాలు చాపి అది జారకుండా పాదంతో ఆనించి పట్టుకుంది. వాడు సగం తిన్నాక, నా వైపు చూడకుండానే, "నాక్కూడా కాస్త కలిపి తేవే" అంది.

లోపలికి వెళ్ళి ఆ పెద్ద గిన్నెలోంచే కూర తీసి అన్నం కలిపాను. ఉప్పు తేనా అని గుమ్మంలోంచి అడిగాను. వద్దంది. కంచం అందుకుని, ఒక కాలితో గిన్నెని ఆపుతూనే, తినడం మొదలుపెట్టింది.