గనిలో ఇరవై అయిదు కాగడాలు

గ్రంథాలయంలో చదివిన ప్రతి పుస్తకమూ నన్ను ఏదో ఒక విద్యలో పండితుణ్ని చేసి బయటికి పంపుతోందని గట్టిగా నమ్మిన రోజులవి. కామారెడ్డిలో జిరాక్స్ షాపులో పనిచేసేవాణ్ని. మధ్యాహ్నం ఒక గంట గ్రంథాలయంలో కూర్చుంటే చాలు, సాయంత్రానికి గనుల తవ్వకమో, నేర పరిశోధనో నాకు కొట్టినపిండి అయిపోయేది. (డిగ్రీ మధ్యలో ఆపేసినవాడికి అంతకంటే ఓదార్పు ఏముంటుంది?)

ఆ పాండిత్యం ఖర్చుపెట్టడానికి నాకు దొరికిన చోటు ఎల్లారెడ్డిలో మా అక్క ఇంట్లోని పాత ట్యాబ్. అందులో ఒక ఆట ఉండేది. లోకమంతా చదరపు దిమ్మెలే. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. మా బావ పొద్దున తన సెల్ రిపేర్ షాపుకు పోయేముందు, సాయంత్రం వచ్చాక ట్యాబ్ తెరిచేవాడు. నేను కామారెడ్డి నుంచి నా ఫోన్‌లో ఆ లోకంలో చేరేవాణ్ని. ఒకరోజు తవ్వుతూ తవ్వుతూ పాడుబడ్డ గనిలో పడ్డాం. పుచ్చిన కర్ర స్తంభాలు, విరిగిన పట్టాలు, సాలెగూళ్లు, ఎటు తిరిగినా చీకటి సొరంగం. “బావా, లోపలికి పోయేటప్పుడు కాగడాలన్నీ కుడిగోడకే పెట్టాలె. వాపస్ వచ్చేటప్పుడు ఎడమకు కనబడతయ్, తొవ్వ తప్పం” అన్నాను, పుస్తకం చదివిన గొంతుతో. “గట్లనే సారూ” అన్నాడు బావ. అయినా తప్పేవాళ్లం. మూడు నెలలు తప్పి, చచ్చి, మళ్లీ పుట్టి, తొమ్మిది వజ్రాలు, కొంత బొగ్గు పోగేసి గని మొదట్లో ఒక పెట్టెలో దాచాం.

ఒక సోమవారం ఆ పెట్టెలో వజ్రాలు లేవు. బొగ్గు కూడా లేదు. వాటి బదులు కాగడాలున్నాయి, మా ఇద్దరిలో ఎవరం చేయనివి. ఒక్కో గడిలో అరవై నాలుగు పట్టే చోట, గడికి సరిగ్గా ఇరవై అయిదు. ఆ ట్యాబ్ తెరిస్తే తప్ప ఆ లోకంలోకి ఎవరూ రాలేరు. ట్యాబ్ బావది. వెంటనే ఫోన్ చేశాను.

“బావా, నిజం చెప్పు. వజ్రాలు యాడ పెట్టినవ్?”

“నన్నే అడుగుతున్నవా? మొన్న నేను బువ్వ తిననీకి లేస్తే నువ్వొక్కనివే ఉంటివి కదరా గనిల!”

“ట్యాబ్ నీ ఇంట్లనే కదా ఉండేది?”

“ఇంట్ల ఎవరుంటరు? మీ అక్క ఉంటది. ఆమె తీసిందంటవా?” అని బావ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. (ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.) తర్వాత నవ్వులు ఆగిపోయి మాట మాట పెరిగింది. చివరికి బావ, “దొంగతనం అంటగట్టినంక ఇంకేం ఆట? ఆదివారంనాడు గా ఆట మొత్తం తుడిచేస్త, పీడ పోతది” అని ఫోన్ పెట్టేశాడు. వారమంతా మళ్లీ ఎత్తలేదు. మూడు నెలల గని ఒక ఎత్తు, బావ మాట్లాడకపోవడం ఒక ఎత్తు. నాకు తోడబుట్టిన అన్న లేడు, ఉన్నదల్లా ఆ బావే.

ఆదివారం పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కాను, చేతిలో రెండు వందల పేజీల నోట్‌బుక్‌తో. నేర పరిశోధన పుస్తకంలో చెప్పినట్టు అనుమానితుల జాబితా రాసుకున్నాను. ఒకటి, బావ. రెండు, ఆటలో లోపం. మూడు, మళ్లీ బావ (ఈసారి నిద్రమత్తులో తీశాడేమోనని). వెళ్లేసరికి బావ గోడకానుకొని ట్యాబ్ ఒళ్లో పెట్టుకొని ఉన్నాడు. అక్క కొంచెం అవతల, చాట ముందేసుకొని బీడీలు చుడుతోంది. “వచ్చినవా తమ్మీ” అందే గాని తల ఎత్తలేదు.

“బావా, తుడిచేముందు ఒక్కసారి విను. దొంగ సామాన్యుడు కాదు. గడికి ఇరవై అయిదే పెట్టిండు. ఇది ఏదో గుప్త సంకేతం. పాత కాలంల గనుల పనివాళ్లు...”

“ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు” అని అక్క బీడీలు లెక్కపెట్టి, దారం చుట్టి, కట్టను గంపలో పడేసింది.

నేను ఇంకా పాత కాలపు గనుల పనివాళ్ల దగ్గరే ఉన్నాను. బావ మాత్రం ఆ కట్టకేసి చూశాడు, ట్యాబ్‌కేసి చూశాడు, మళ్లీ కట్టకేసి చూశాడు. “నువ్వానే?” అన్నాడు మెల్లగా.

“మరెవరు? బీడీ ఆకు నానేదాక నాకేం పని? మీరు బొగ్గు ఊకె పెట్టుకొని కూసున్నరు. దాంతోని కాగడాలు చేసి, ఇరవై అయిదు అడుగులకొకటి పెట్టుకుంట పోయిన. ఒక్కనాడన్న తప్పిపోయిన్నా?”

“వజ్రాలో?” అన్నాను.

“ఆటల మీరు కట్టిన ఇంట్ల మంచం కింద పాతిపెట్టిన. తొవ్వ మీద పెడతరా ఎవరన్న?”

“మరి వారం సంది మేం కొట్లాడుతుంటే చెప్పవేందే?” అన్నాడు బావ.

“ఒక్కడన్న నన్నడుగుతడేమోనని సూసిన” అంటూ అక్క నా నోట్‌బుక్ లాక్కుంది. జాబితా చదివింది. ఆమె ముఖం చిన్నబోవడం నేను చూశాను. “గీయన పేరు రెండుసార్లు రాసినవ్. ఆటను గూడ రాసినవ్. నా పేరేదిరా?”

నేను కలం అందించాను. అక్క చేతికంటిన పొగాకు కొంగుకు తుడుచుకొని, అన్నిటికంటే పైన, ఏడో తరగతిలో ఆగిపోయిన ఆ గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకుంది. బావ ఆట తుడవకుండా ట్యాబ్ ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం గనిలోకి ముగ్గురం దిగాం; ముందు అక్క, వెనక మేము.

ఆ ట్యాబ్ ఎప్పుడో పాడైంది, గని దానితోనే పోయింది. నోట్‌బుక్ మాత్రం ఉంది. ఇప్పటికీ గ్రంథాలయం పుస్తకం ఏదైనా ఇంట్లో కనబడకపోతే వెతకడానికంటే ముందు ఎల్లారెడ్డికి ఫోన్ చేస్తాను.

“అక్కా, నువ్వే తీసినవా?”

“సాక్ష్యం ఉందా?” అంటుంది, ఎంత సంబరంగానో.